మెడ చుట్టూ మంచుబండి

ఏవోర్ నిలబడదు.
టేపు పట్టుకుని దగ్గరికి వెళ్తే
బల్ల కిందికి దూరుతుంది,
అక్కణ్ణించి కాళ్లు మాత్రం జవాబిస్తాయి.
అందుకని తలుపు పక్క కొక్కేనికి వేలాడే
ఆమె కోటును కొలిచాను.
ఛాతీ అరవై ఆరు. చెయ్యి ముప్ఫై రెండు.
మెడ ఎంతో కోటు చెప్పలేదు.

ఏం బొమ్మ కావాలంటే
పక్షి వద్దంది, నక్షత్రం వద్దంది,
ఐస్‌లాండ్‌లో ప్రతి పిల్ల భుజాల మీదా ఉండే
ఆకుల వరస అసలే వద్దంది.
"మంచుబండి," అంది.
తెల్లారకముందే కొండదారి తవ్వుకుంటూ దిగే
గుడ్‌బ్రాందుర్ పసుపు బండి.
"పసుపంటే పసుపే. వెన్న కాదు."

ఊలు కొట్టు సిగుర్‌లైగ్ నాలుగు పసుపులు తీసింది.
నాలుగూ వెన్నే.
ఐదోది అడుగు అరలో, ఎవరూ కొననిది,
కళ్లల్లో పొడిచేది.

నేను చేపల పడవలో వంటవాణ్ణి.
ఇరవై రెండు రోజులు నీళ్లు, ఎనిమిది రోజులు నేల.
సాల్గెర్దుర్ ఇంట్లో నా బూట్లు చేరి రెండు చలికాలాలు.
పిల్ల నన్ను ఇంకా ఏమనీ పిలవదు.
"ఉప్పు," అంటుంది గోడకేసి చూసి.
గోడ బదులు నేను అందిస్తాను.

బూడిదరంగు ఒళ్లూ, రెండు చేతులూ పడవలోనే అయ్యాయి.
చేపల పులుసు ఉడికేలోపు నాలుగు వరసలు.
పెద్ద అల వస్తే సూదులు పళ్లకు కరిపించి
గిన్నె పట్టుకోవడం.
మూడు గొట్టాలూ ఒకే సూది మీద కలిసిన రాత్రి
నూట అరవై ఎనిమిది కుట్లు ఉండాలి,
నూట డెబ్భై ఉన్నాయి.
ఆ రెండూ ఏ రేవులో ఎక్కాయో
దేవుడికీ తెలీదు, ఇంజన్ గది తోర్లాకుర్‌కీ తెలీదు.
గుట్టుగా చంక కింద కలిపేశాను.

పన్నెండు కుట్లకో బండి. పద్నాలుగు బండ్లు,
ఒకదాని వెనకొకటి, ఏ ఊరూ చేరకుండా.
బండికీ బండికీ నడుమ తెలుపు.
తెలుపు అల్లుతున్నంతసేపూ
పసుపు ఇంటికి పోవడానికి లేదు,
కనిపించకుండా వెనకాలే రావాలి.
బిగిస్తే ముందు గుడ్డ ముడుచుకుపోతుంది,
వదిలేస్తే తొడుక్కునేటప్పుడు పిల్ల వేళ్లు చిక్కుకుంటాయి.
ఎంత వదులు, ఎంత బిగువు?
నాకు నేర్పిన పెత్రీనా ముసలమ్మ
దీనికి లెక్క చెప్పలేదు.
"చేతికే తెలుస్తుందిలే," అంది.
నలభై ఏడేళ్ల చేతికి ఇంకా తెలియడమే.

పైకి పోయేకొద్దీ దారి ఇరుకు.
రెండేసి కుట్లు ఒకటవుతూ, ఒకటవుతూ
మెడ.

తల దూరలేదు.
చేతులు దూరాయి, ఒళ్లు దూరింది,
నెత్తి మీది నాలుగు వెంట్రుకలు బయటికొచ్చి
అక్కడే ఆగిపోయాయి.
సాల్గెర్దుర్ నవ్వు మింగుతూ సింకు వైపు తిరిగింది.
నేను లాగబోయాను.
"ఉండు," అంది ఊలు లోపలి గొంతు.
ఏడుపు లేదు అందులో.
"ఇక్కడ గొర్రె వాసన."
కాసేపాగి,
"ఇక్కడ బండ్లు తెల్లవి. మంచు పసుపు."
ఇంకాసేపాగి,
"దారాలన్నీ నడుస్తున్నాయి."
మోకాళ్ల మీద కూర్చున్నాను.
"ఎటు?" అన్నాను.
"చుట్టూ," అంది, ఇదీ తెలియదా అన్నట్టు.

ఆ రాత్రి మెడ విప్పాను.
విప్పిన దారం తను చుట్టింది.
ఉండ కాదు, మొలకెత్తిన బంగాళాదుంప.
ఇంకో పన్నెండు కుట్లు వదిలి, వదులుగా ముగించాను.
అప్పటికి బల్ల మీదే నిద్రపోయింది.

పొద్దున్న బడికి తిరగేసి తొడుక్కుంది.
కొసలు వేలాడుతున్నాయి, ముళ్లు బయటపడ్డాయి,
చంక కింది ఆ రెండు కుట్ల దొంగతనం
చెయ్యెత్తితే ఊరంతటికీ కనిపిస్తుంది.
"తిరగబడింది," అంది తల్లి.
"తెలుసు," అంది పిల్ల.

గడప దగ్గర బూటు జిప్పు ఇరుక్కుంది.
గోడకేసి చూడలేదు.
నా ఒళ్లో కాలు పెట్టింది.
బయట ఇంకా చీకటి,
కొండదారి మీద పసుపు దీపం
గిరగిరా తిరుగుతూ దిగుతోంది.