చూచిరాత

ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని
ఆరిలోవ నుంచి ఆటోలో వచ్చాను.
మూత మీద మార్కర్‌తో నా గొలుసురాత:
బొట్ట సూరప్పమ్మ. మేకలు పదకొండు. మిగిలినవి నాలుగు.

కొండవాలు పాకలో
మేక ముక్కులోంచి దూదిపుల్లతో చీమిడి తీస్తుంటే
"పారుడేనేటమ్మా? పోయినేడొచ్చిందే మళ్లీ ఒచ్చిందా?" అంది.
అదే కాదు.
అలాగని వేరేదీ కాదు.
ఎలా చెప్పను?

రాత్రిపూట మా మృదుల చూచిరాత దిద్దుతుంటాను.
పై వరస చూసి రెండోది రాస్తుంది,
రెండోది చూసి మూడోది.
పేజీ అడుక్కి చేరేసరికి
మేకకి కొమ్మొచ్చి
మేకు అయి కూర్చుంటుంది.

వైరస్‌కి దిద్దేవాళ్లు లేరు.
నాలుగే అక్షరాలు,
పదహారు వేలకి కాస్త తక్కువగా ఒకటే వరస.
మేక పేగులో, ముక్కులో, కంటి పుసిలో
బడిగంట కొట్టేస్తారన్నట్టు
ఎత్తిరాసుకుంటూ పోతుంది.
తప్పుల్లో చాలామటుకు తప్పులుగానే చస్తాయి,
పలకరాని మాట ఎవరి నోట బతుకుతుంది?
ఎప్పుడో ఒక్క తప్పుకి
అర్థం కుదురుతుంది.

ల్యాబు కిటికీ అద్దానికి ఉప్పు పట్టి
సముద్రం ఉందో లేదో తెలియదు.
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
పోయినేటి వరస కింద ఈ యేటి వరస పెట్టాను,
ఒక జన్యువులో జానెడు ముక్క.
మూడు చోట్ల తేడా.
మొదటిది, సూరప్పమ్మ నోట 'వచ్చింది' 'ఒచ్చింది' అయినట్టు,
యాసే తప్ప అర్థం మారలేదు.
రెండోదీ అంతే.
మూడోది
కొమ్ము.

టీకాకి దీని మొహం ఇంకా గుర్తేనా?
ఇప్పటికి గుర్తే.
'ఇప్పటికి' అనే మాటని రిపోర్టులో ఏ గడిలో రాయాలో
పదిహేనేళ్లుగా నాకు తెలీదు.

వచ్చేస్తుంటే ఆవిడ
బతికిన బుడ్డపిల్లని ఎత్తి చెవి తిప్పి చూపించింది.
"దీని అమ్మమ్మకీ ఇక్కడే మచ్చ.
దానికి గుండ్రంగుండీది.
దీని తల్లికి కూసింత సాగింది.
దీనికి సూడు, తోక మొలిసింది."

ఏ అక్షరం జారిందో,
ఏ తరంలో జారిందో,
సున్నం చెదిరినట్టుంది ఆ మచ్చ.
వేలితో తడిమాను.
చెవి వెచ్చగా ఉంది, జ్వరం కాదు.
నేనైతే దిద్దను.