మూడు మరలు

పెట్టె మీద ఐదువందల రెట్లని రాసుంది.
"అట్టపెట్టె ఎంతైనా వాగుతుంది," అంది ఎదువీహిస్.
అద్దం బెత్తెడు దాటిందా అని మాత్రం చూసి
సగానికి బేరమాడింది.

పుంతా అరేనాస్ గాలికి
చంద్రుడు గిలగిల్లాడాడు.
వలల సీసపు గుళ్ళు సంచికెత్తి
స్టాండు కాళ్ళ నడుమ వేలాడదీసింది.
గొట్టం లోపల అంటించిన నల్ల మఖమలు
మరిది అకార్డియన్ పెట్టెలోంచి చించింది.
అతనింకా చూసుకోలేదు.

ఇక అద్దం వెనక మూడు మరలు.
ఒకటి బిగిస్తే ఇంకోటి అలిగేది.
చిక్కువలలు విప్పే వేళ్ళు,
తెల్లవార్లూ బతిమాలగలవు.

రెండు దాటాక
నువ్వుగింజంత శని,
ఉంగరం పెట్టుకుని,
కదలకుండా.

మరిదిని లేపింది.
కన్ను ఆనించి చాలాసేపు మాట్లాడలేదతను.
తర్వాత గొట్టం మూతిలోకి టార్చి వేసి,
"వదినా, ఈ నలుపెక్కడిది?"