ఉప్పుకి వెళ్లిన దారి

ఇంట్లో ఉప్పయిపోతే బయల్దేరాం,
అందుకే దారంతా చప్పిడి.
సీతంపేట కొండ దిగుతూ సన్నాసి మావ
కావిడికి రెండు పక్కలా చింతపండు కట్టాడు.
అది అమ్మకానికి. ముట్టుకోకూడదు.
నాకు పదకొండేళ్లు. వాసనకే నోరూరేది.

మొదటి రాత్రి గెడ్డ పక్కన అడివి దుంప.
భుజం దాకా గోతిలోకి దిగి
నేలతో బేరమాడుతున్నట్టు ఏదో గొణిగాడు.
దుంప తీశాక, తీగ ఉన్న తలకాయ కోసి
మళ్లీ గోతిలో పెట్టి, మట్టి కప్పి, కాలితో తొక్కాడు.
"ఎందుకు మావా?"
"మనం తిరిగి రావాల గదరా."

రెండోనాడు హిరమండలం దగ్గర వంశధార
ఎండకి చిక్కిపోయి, మడుగులు మడుగులుగా పడుంది.
తువ్వాలు చెరో కొసా పట్టుకుని దేవితే
వేలెడేసి జెల్లలు. ఒకదాని ముల్లు నా బొటనవేల్లో.
అడ్డాకులో చుట్టి కాల్చాం.
ఏడుస్తూ తిన్నాను.
పెదవి మీదికి జారిందే
ఆ రోజుకి ఉప్పు.

మూడోనాడు ఆకలి.
కొండ మీద చెట్టుకి చెట్టు పేరే ఉంటుంది,
కింద మనిషి పేరుంటుంది.
రాలిన జీడిపండుకి వంగితే కాపలావాడు కేకేశాడు.
చెరువు పాటదారుది. తాడిచెట్టు గీతగాడిది.
కౌజుపిట్టకి ఉచ్చు వేస్తే
కుక్క వచ్చి వాసన చూసి పోయింది.
చివరికి టెక్కలికి ఇవతల, కోసేసిన చేలో,
మావ ఒక కన్నానికి పొగ పెట్టాడు.
"గట్టెలక్కి కామందు ఎవుడూ నేడు."
అంత నవ్వాక ఇద్దరికీ చెరో నాలుగు ముక్కలు.

నౌపడలో తెల్లటి కుప్పలు.
పరిగెత్తి, ఎవర్నీ అడక్కుండా
పిడికెడు నోట్లో పోసుకున్నాను.
మళ్లో పలక లాగుతున్న పోలమ్మ తిట్టలేదు,
"పొట్ట మండుతాదిరా" అని ముంతతో నీళ్లిచ్చింది.
ఆమె మడమల్ని ఉప్పు ఎప్పుడో తినేసింది.

ఆ రాత్రి మా చింతపండే, ఆమె ఉప్పే, కవళ్ల పులుసు.
నేను ఆకు నాకాను.
మావ రెండుసార్లు వేయించుకుని, ఆగి,
"బాగుంది గానీ
సేప ఏ నీటిదో తెలీటం నేదు" అన్నాడు.
పోలమ్మకి అర్థం కాలేదు. నాక్కూడా.

తిరిగి గెడ్డ దగ్గరికొచ్చేసరికి
గోతి మీద మట్టి బీటలేసి ఉంది. చిగురు లేదు.
మావ కావిడిని బాగా దూరంగా దించాడు,
ఉప్పు సోకితే యేరు సచ్చిపోద్దని.
తర్వాత దోసిలితో నీళ్లు తెచ్చి పోశాడు,
ఏడెనిమిదిసార్లు,
సగం వేళ్ల సందుల్లోంచి కారిపోతుండగా.