గోచీ లెక్క

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం మూడు.
నైనా మహమ్మద్ గాజు బల్ల మీద
ఒక పాత ప్రాసెసర్ పెట్టాడు
అగ్గిపెట్టెలో పట్టేంత.
"ఎనిమిది థ్రెడ్లు అక్కా,
నీ బోర్డులో అలాగే కూచుంటుంది.
ఆరువేల ఐదొందలు."
ఎవరి రాత్రుళ్లు కాసిందో,
ఎవరి అప్పు తీర్చడానికి ఇక్కడికొచ్చిందో
వెనకనున్న బంగారు చుక్కలు
నోరు విప్పలేదు.

నా మిషన్‌కి తొమ్మిదేళ్లు.
మొదటి మూడు జీతాలు పోసి కట్టించాను.
నాలుగు కోర్లు. ఆ రోజుల్లో
ఆ మాటే ఒక హోదా.
వేళచ్చేరిలో వీధి నీళ్లు గడప దాటిన రాత్రి
అందరూ బియ్యం మూటలు, గ్యాస్ బండలు మోస్తుంటే
దీన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని
రెండో అంతస్తు మెట్ల మీద తెల్లవార్లూ కూచున్నాను.
తడిసిపోయిన పప్పుల డబ్బా సంగతి
పెద్దమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు
కొత్త ఆటలో నగరం తెరుచుకునే చోట
తెర గుటకలు మింగుతుంది.
తలుపు దగ్గర ఎవడో ఉన్నాడని నేను చూసేసరికి
నేను చచ్చి రెండు క్షణాలైపోయి ఉంటుంది.
హెడ్‌సెట్‌లో కదిరేశన్ నవ్వడు.
"పర్లేదు, నువ్వు వెనకాల ఉండు" అంటాడు.
తిట్టినా బాగుండు.

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
కొత్త ప్రాసెసర్‌కి కొత్త బోర్డు కావాలి.
కొత్త బోర్డు నా పాత ర్యామ్‌ని గుమ్మంలోకి రానివ్వదు.
ఇవన్నీ మారితే పవర్ సప్లై చాలదు,
అది మారితే డబ్బాలో పట్టదు.
గోచీని ఎలుకలు కొట్టాయని పిల్లిని తెచ్చి
పిల్లికి పాలకని ఆవుని తెచ్చి
ఆవుకి గడ్డికని పొలం కొన్న సన్యాసి
నా భుజం మీంచి కాగితంలోకి తొంగి చూసి
అచ్చం మా పెద్దమ్మ గొంతుతో
"మరి పెళ్లెప్పుడు?" అన్నాడు.

నలభై ఎనిమిది వేలు.
కింద ఒక గీత. దాని కింద ఇంకో గీత.

నేను సీటీ స్కాన్ తీసే మనిషిని.
ఊపిరి బిగపట్టండి, వదలండి అంటూ
రోజుకి ముప్ఫైమంది లోపలికి చూస్తాను.
దీని లోపలికి చూసి మాత్రం నాలుగేళ్లయింది.
ఆదివారం పక్క పలక విప్పాను.
సముద్రపు గాలికి తుప్పెక్కిన స్క్రూలు.
ఫ్యాన్ రెక్కల మీద బొంతలాంటి దుమ్ము.
అడుగున ఓ మూల
రెండు బల్లి గుడ్ల పెంకులు, ఖాళీవి.
ఏ యుద్ధం వేడికి పొదిగాయో!
ఎన్ని రాత్రులు నేను ఓడిపోతుంటే
లోపల అవి నిబ్బరంగా పెరిగాయో!

ఎండిన పేస్టు సున్నంలా రాలింది.
తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టి
బిగించి, మీట నొక్కాను.
తొంభై నాలుగు నించి డెబ్భై ఒకటికి.
జ్వరం దిగింది.
వయసు దిగలేదు.
నగరం దగ్గర మళ్లీ అదే గుటక.

"నీ ఇంట్లో ఏ ప్రాసెసర్ వాడతావ్?" అనడిగాను నైనాని.
"ఇంట్లోనా? నాకు కంప్యూటరే లేదక్కా" అన్నాడు
చెయ్యి తుడుచుకుంటూ.
రెండొందలు చేతిలో పెట్టి
శనివారం దాకా అట్టే పెట్టమన్నాను.
చీటీ మీద తమిళంలో నా పేరు రాశాడు.
భార్గవిని, అది చూసి చదివితే పార్కవిని.
చింతాద్రిపేటలో రైలెక్కి
వేళచ్చేరి దాకా ఆ పేరుతోనే వచ్చాను.

పక్క పలక ఇంకా బిగించలేదు.
ట్యూబ్‌లైటు వెనక ఒక బల్లి,
ఇక్కడ పుట్టినదే కావచ్చు.
దాని వైపు చూస్తూ పైకే అన్నాను
"నలభై ఎనిమిది వేలు."
పలకలేదు.
"ఆరువేల ఐదొందలు."
పలకలేదు.
"పోనీ, ఇలాగే వదిలేద్దాం."
తోక కొంచెం కదిలింది.
దాన్ని లెక్కలో వేసుకోవచ్చా?