పాస్‌పోర్టు సైజు

కుతాయిసిలో రియోని వంతెన దిగగానే
కుడిచేతి వైపు మూడో గుమ్మం నాది.
పాస్‌పోర్టు, వీసా, స్కూలు కార్డు,
ఏదైనా పది నిమిషాల్లో ముఖం చేతికిస్తాను.

తెక్లే వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల.
గడ్డం కాస్త దించమని,
చెవులు కనబడాలి జుట్టు వెనక్కి తియ్యమని చెప్పి
నొక్కాను.

తెర మీద చూసుకుని
"ఇది నేను కాదు" అంది.
కోపంగా కాదు.
కొట్లో పొరపాటున ఇంకెవరి గొడుగో ఇస్తే
చెబుతామే, అలా.

ఫోన్ తీసి తనని చూపించింది.
సన్నటి ముక్కు.
నానబెట్టి ఒలిచిన బాదంపప్పులా చెంపలు.
కనుబొమ మీది ఆటలమ్మ గుంట లేదు.
కింద నాలుగు వందల పన్నెండు ఎర్ర గుండెలు.
"అందరికీ తెలిసిన నేను ఇది."

రూలు చెప్పాను.
ముఖాన్ని దిద్దకూడదమ్మా,
సరిహద్దులో యంత్రం పట్టేస్తుంది.
"దానికి ఏ నేను కావాలి?" అనడిగింది.
జవాబు లేక
లైటు జరిపాను.

రెండోసారి కూర్చుంది.
మెడ దానంతటదే ఎడమకి ఒరిగింది.
మూడేళ్ళ సాధన మరి.
నిటారుగా పెట్టమని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నేనూ శుద్ధపూసని కాను.
కరెంటు వస్తూ పోతూ ఉన్న ఆ రోజుల్లో
సూదిలా చెక్కిన పెన్సిలుతో
నెగెటివుల మీద ముడతలు మాపేవాణ్ణి.
మా దగ్గర సమాధి రాతి మీద ముఖం చెక్కిస్తారు.
సగం ఊరి ముఖాలు ఈ బల్ల మీదనుంచే వెళ్ళాయి.
అప్పట్లో ముఖం బాగుచేయించుకోవాలంటే
ముందు చచ్చిపోవాల్సి ఉండేది.

మా తమ్ముడు జుంబెర్‌కీ నేనే చేశాను.
పై పెదవి మీద పుట్టుమచ్చ.
చిన్నప్పుడు దాన్ని గిల్లి గిల్లి
నెత్తురు తెచ్చుకునేవాడు.
వాడికి ఇష్టం కదా అని తీసేశాను.

అమ్మ నల్లరాయిని చేత్తో తడిమింది.
నుదురు, ముక్కు, పెదవి.
మళ్ళీ పెదవి.
ఏమీ అనలేదు.
ఆ తర్వాత ప్రతి ఈస్టరుకీ
ఎర్రగుడ్డు సమాధి మీద దొర్లించాక
ఆమె వేలు వెళ్ళి అక్కడే ఆగేది.

తెక్లేకి ఇదేమీ చెప్పలేదు.
ఆరు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టాను.
డబ్బులిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి,
ఒకటి బయటికి తీసి వెలుతురుకి పట్టుకుంది.
కనుబొమ మీది గుంటని గోటితో గీకింది,
కాగితానికంటిన నలుసేమో అన్నట్టు.
పోలేదు.
అదే గోరు మెల్లగా
తన నుదుటి వైపు వెళ్ళింది.
అక్కడా ఉంది.

ఎంతసేపు నిలబడిందో, నేను గడియారం చూడలేదు.
చేతిలో ఫోన్ వెలిగింది.
మెడ ఎడమకి ఒరిగింది.
అలాగే
వంతెన ఎక్కింది.