జిడ్డు

ఇవాళ్టికి పదకొండో రోజు.
చూపుడువేలు ఆనించి తీస్తే
చిటుక్కుమని చిన్న చప్పుడు.
బల్ల నా వేలిని వదలనంటోంది.

కొర్లగుంట సందులో నవంబరు.
కొండ మీంచి దిగిన మబ్బు
మా రేకుల షెడ్డులోనే కాపురం పెట్టింది.
అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోతోంది,
చిత్రిక పొట్టు పిడికిట్లో ముద్దవుతోంది.
ఈ గాలికి అవిసె నూనె ఎట్లా ఆరుతుంది?

అని వాన మీదికి తోసేస్తిని గానీ
తప్పు నాదే.
రేణిగుంట గార్డు డేవిడ్ సారు
రిటైరయినాక రాసుకునే బల్ల,
మెరవాలని ఒక పూత దట్టంగా వేసినా.
తుడవకుండానే దాని మీద ఇంకొకటి.
పుండు మీద పొక్కు కట్టినట్టు
పైన ఆరింది, లోపల పచ్చి.

పైగా అది జిట్రేగి.
టేకు మాదిరి చెప్పినమాట వినే కట్టె కాదు.
దాని నూనె దానికుంది,
పరాయి నూనెను వాకిట్లోనే నిలబెడుతుంది.

దోమ రెక్క ఒకటి అతుక్కుంది.
పక్కింటి చరణి అరచెయ్యి, గీతలతో సహా.
ఎవరో పేపరు పరిచి పోయినారు,
లాగితే కాగితం వచ్చింది, అక్షరాలు రాలేదు.
'తుపాను' అని తిరగబడి ఉంది,
అద్దం పెట్టి చదవాల.

సారు వచ్చి చూసినాడు.
కోప్పడతాడనుకుంటి.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
ఆ తిరగబడ్డ మాటను కూడబలుక్కుని
"సిగ్నలు పడనిదే బండి కదలదు గదమ్మా"
అనేసి, టీ తాగి పోయినాడు.
ఆ మాటకే ఎక్కువ సిగ్గయింది.

మా నాయన కోదండాచారి అనేవాడు:
"పూసింది గాదు మే నూనె,
తుడవంగా మిగిలిందే నూనె."
రాత్రి టర్పెంటాయిలు పోసి
అంతా గీకేసినా.
దోమ రెక్క పోయింది, తుపాను పోయింది.
అరచెయ్యి కాడ రోంతసేపు ఆగి
అదీ గీకేసినా.

మళ్లీ మొదటి పూత.
నీళ్ల మాదిరి పల్చగా,
పూసిన చెయ్యితోనే తుడిచేస్తా.
పదకొండు రోజులు ఆరని ఈ నూనే
గుడ్డలో ముద్దగా మూల పడేస్తే
తనంత తానే అగ్గి పుట్టిస్తుంది.
నాయన పాత షెడ్డు అట్లానే పోయింది,
ఎవురూ అగ్గిపుల్ల గీయకుండా.
అందుకే ఒక్కో గుడ్డా విప్పి
తీగ మీద దూరం దూరంగా ఆరేసి పడుకున్నా.

తెల్లారి వేలు పెట్టి చూస్తే
చప్పుడు లేదు గానీ
ఇంకా కొంచెం పట్టుకుంటోంది.
తీగ మీద గుడ్డలు మాత్రం
అట్టముక్కల్లాగా ఎండిపోయినాయి.