ఖాళీగా వదిలిన గడి

మిర్చి యార్డు వెనక గోతాల మీద దొరికింది కాబట్టి
దానికి బస్తా అని పేరు.
వయసు పళ్ళు చూసి చెప్పారు, పదకొండో పన్నెండో.
జబ్బు పేరు డాక్టరు ఇంగ్లీషులో నాకు చెప్పి
తెలుగులో కిటికీకి చెప్పాడు:
"ఎముక. కోసే దశ దాటింది.
నెల. దీపావళి చూస్తే ఎక్కువ."

అప్పట్నుంచీ నా పని ఫోన్లు చెయ్యడం.

ఇక్కడ నలభై ఆరు కుక్కలు, కడిగిన గచ్చు,
పక్క బోనులో పిల్లలు తెల్లవార్లూ ఒకటే గోల.
నిద్రే పట్టదు, దానికి నెమ్మదిగా చావేం పడుతుంది?
ఒక ఇల్లు కావాలి. మెట్లు లేనిది.
నెల తర్వాత నన్ను తిట్టుకోనిది.

బ్రాడీపేట ఆవిడ ఫొటో చూసి "అయ్యో, బుజ్జి తల్లీ" అంది.
నెల అనగానే
ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.
విద్యానగర్ ఆయన, "పిల్లలు అలవాటు పడతారండీ" అన్నాడు
అదేదో జ్వరం అంటుకున్నట్టు.
లక్ష్మీపురంలో లిఫ్టు ఒప్పుకోలేదు.
ఇంకొకామె మాత్రం దాచకుండా చెప్పింది:
"నిరుడు మా అమ్మకి చేశానమ్మా.
మళ్ళీ ఆ వాసన నావల్ల కాదు."
ఆమెకి నేనే క్షమాపణ చెప్పుకుని
చాలాసేపు మరో నంబరు నొక్కలేకపోయాను.

ఏసోబు గారు తనే చేశాడు, మందుల షాపు కుర్రాడు చెబితే.
పెద్దాసుపత్రిలో ముప్పయ్యొక్క ఏళ్ళు స్ట్రెచరు తోసిన మనిషి.
సంగడిగుంటలో రెండు గదులు,
గుమ్మం నేలకి సమానం.
ఫొటో పంపమనలేదు. కరుస్తుందా అనలేదు.
"రాత్రిళ్ళు మూలుగుద్దా?"
"మూలుగుద్దండీ."
"మంచిది. మూలగని వాళ్ళతోనే భయం."

మా ఫారం కూనల కోసం అచ్చేసింది.
'పెద్దయ్యాక ఫొటో పంపగలరు' అన్న లైను
ఆయన రాకముందే కొట్టేశాను.
రెండోది మర్చిపోయాను:
'తిరిగి అప్పగించు తేదీ.'
పెన్ను అక్కడ ఆగింది.
"ఇది నేను రాసేది కాదుగా" అన్నాడు.
నేనూ రాయలేదు.

మూడొంతెనల కింద గోతిలో ఆటో ఎగిరినప్పుడు
రెండు చేతులూ దాని తుంటి కింద పెట్టి
గాల్లోనే ఆపాడు.
"నిదానం బాబూ, పేషెంటుంది."
డ్రైవరు అద్దంలో చూసి, నవ్వబోయి
మానేశాడు.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.
గోతం ఉతికాడట, వాసన పోయిందని అది పడుకోలేదట,
మళ్ళీ యార్డుకెళ్ళి పాతది అడిగి తెచ్చాడట.
ఘాటుకి తను తుమ్ముతూ, అది నిద్రపోతూ.
చుక్కల మందు పెరుగన్నంలో కలిపితే మూతి తిప్పుకుందని
పక్కన ఎండుచేప వాసన చూపిస్తున్నాడట.
"డాక్టరుకి చెప్పమాక."

ఆ నంబరు వెలిగినప్పుడల్లా
రెండు రింగులు పోనిచ్చి ఎత్తుతాను.
పొద్దున మళ్ళీ వెలిగింది.
"ఎండలోకి తనంతట తనే నడిచింది. నాలుగడుగులు."
"ఐదనుకుందాం లెండి" అన్నాను, ఊపిరి తీసుకుని.
"నాలుగే" అని కోప్పడ్డాడు.
"పక్కనే ఉన్నా నేను."